పిట్టల వేట తుపాకి: బోరు లెక్క, పాత ఓరుగల్లు జిల్లా అనుభవం

పిట్టల వేటకు వాడే తుపాకిని షాట్‌గన్ అంటారు. రైఫిల్ ఒక్క గుండును దూరానికి సూటిగా పంపుతుంది. షాట్‌గన్ వందల కొద్దీ సన్న సీసపు గుండ్లను ఒక గుంపుగా వదులుతుంది. ఎగిరే పిట్టకు ఒక్క గుండు తగిలించడం చాలా కష్టం కాబట్టి ఈ ఏర్పాటు పుట్టింది. ఆ గుంపులో ఎన్ని గుండ్లు పడతాయో, తుపాకి ఎంత బరువు ఉంటుందో, భుజానికి ఎంత దెబ్బ తగులుతుందో ముందుగా తేల్చే కొలత బోరు. గేజ్ అన్నా అదే. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడ్డాయి. చెరువులు, చెలకలు, గోదావరి ఒడ్డు అడవులు కలిసిన ఆ నేల మీద ఈ కొలతకు ఉన్న అర్థాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ముందే చెప్పవలసిన మాట ఒకటి ఉంది. భారతదేశంలో ఇప్పుడు అడవి పిట్టను ఏ బోరు తుపాకితోనైనా కొట్టడం నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో వేటను పూర్తిగా ఆపలేదు. చిన్న వేటకు, పెద్ద వేటకు వేరువేరు లైసెన్సులు ఉండేవి. బాతులు, కౌజులు, పూరేళ్ళు నాలుగో షెడ్యూలు కింద చిన్న వేటలోకి వచ్చేవి. 1991 సవరణ ఆ లైసెన్సుల పద్ధతినే ఎత్తేసింది. 2022 సవరణ షెడ్యూళ్ళను కుదించి, చాలా పక్షులను మొదటి రెండింటిలో చేర్చింది. ఉచ్చు పెట్టినా, వల వేసినా, విషం పెట్టినా, చివరికి గూడు చెడగొట్టి గుడ్లు తీసినా చట్టం దృష్టిలో వేటే. ఎయిర్‌గన్‌తో గువ్వను కొట్టిన కుర్రాడికీ, గులేరుతో కొట్టినవాడికీ ఇదే వర్తిస్తుంది. మామూలు నేరానికి మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. నెమలి వంటి మొదటి షెడ్యూలు ప్రాణి విషయంలో మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా శిక్ష ఉంటుంది. కాబట్టి ఈ నేల మీద బోరు ఎంపిక గడిచిన కాలపు విషయం. వేట చట్టబద్ధంగా సాగే దేశాల్లో మాత్రం ఇది ఇవాళ్టి విషయమే. అక్కడ కొత్త తుపాకి కొనేవాడు మొదట అడిగే ప్రశ్న ఇదే.

అంకె ఎక్కడిది

12 బోరు కంటే 20 బోరు పెద్దదని కొత్తవాళ్ళు అనుకుంటారు. నిజం తిరగబడి ఉంటుంది. ఒక పౌను సీసాన్ని, అంటే 453.6 గ్రాములను, సమానమైన 12 గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు గొట్టంలో సరిగ్గా పట్టే తుపాకి 12 బోరు. ఒక్కో గుండు 37.8 గ్రాములు తూగుతుంది. పాత తులం 11.66 గ్రాములు కాబట్టి మూడు తులాల పైచిలుకు. గొట్టం లోపలి వెడల్పు 18.5 మిల్లీమీటర్లు. అదే పౌనును 16 భాగాలు చేస్తే 16.8, 20 చేస్తే 15.6, 28 చేస్తే 14 మిల్లీమీటర్లు వస్తుంది. భాగాలు పెరిగే కొద్దీ గుండు చిన్నదవుతుంది, గొట్టం సన్నబడుతుంది. ఒక్క 410 మాత్రం ఈ లెక్కకు లొంగదు. అది అంగుళంలో వెయ్యింట 410 వంతులు, అంటే 10.4 మిల్లీమీటర్లు. పాత పద్ధతిలో లెక్కిస్తే సుమారు 67 బోరు అవుతుంది.

ఫిరంగులనూ తుపాకులనూ అవి విసిరే గుండు బరువుతో గుర్తించిన రోజుల నుంచి ఈ కొలత వచ్చింది. ఇప్పుడెవరూ పక్షుల మీద 37.8 గ్రాముల ఒంటి గుండు పేల్చరు. అయినా అంకె నిలిచిపోయింది. మన లైసెన్సు కాగితాల్లో కూడా ‘12 బోరు డీబీబీఎల్’ అని రాస్తారు. డీబీబీఎల్ అంటే రెండు గొట్టాలుండి, వెనక నుంచి తూటా పెట్టే తుపాకి. ఎస్‌బీబీఎల్ అంటే ఒంటి గొట్టం. ఎస్‌బీఎంఎల్ అంటే మూతి నుంచి మందు కూరే ఒంటి గొట్టం తుపాకి. ఊళ్ళలో దీన్నే భర్మార్ అన్నారు.

బోరు మారితే ఏది మారుతుంది

పెద్ద బోరు దూరం కొడుతుందన్న నమ్మకం అన్నిటికంటే గట్టిది, అన్నిటికంటే తప్పుది కూడా. ఒకే సైజు గుండు 12 బోరు నుంచి వచ్చినా, 20 బోరు నుంచి వచ్చినా దాదాపు ఒకే వేగంతో బయలుదేరుతుంది. సెకనుకు ఇంచుమించు 370 నుంచి 400 మీటర్లు. గాలి దాన్ని ఒకే తీరున ఆపుతుంది. 30 మీటర్ల దగ్గర ఆ గుండుకు ఉండే సత్తువ రెండు తుపాకుల్లోనూ సమానమే. మారేదల్లా గుండ్ల సంఖ్య.

అలవాటైన తూటాలు ఇలా ఉంటాయి. 12 బోరులో సుమారు 32 గ్రాముల గుండ్లు పడతాయి, 16 బోరులో 28, 20 బోరులో 25, 28 బోరులో 21, 410లో 14. ఆంగ్లేయ కొలతలో 6వ నెంబరు గుండు ఔన్సుకు 270 తూగుతుంది. ఆ లెక్కన 12 బోరు తూటాలో 305 దాకా గుండ్లు ఉంటాయి, 20 బోరులో 238, 410లో 133. ఇవన్నీ పిట్ట మీదికి వెళ్ళవు. 40 గజాల దగ్గర, అంటే 36.6 మీటర్ల దగ్గర, 30 అంగుళాల చక్రంలో ఎన్ని పడ్డాయో చూసి తుపాకిని పరీక్షిస్తారు. మూతి దగ్గర కొంత బిగించిన హాఫ్ చోక్ గొట్టమైతే నూటికి 60 పడతాయి. అంటే 12 బోరుకు 183, 20 బోరుకు 143, 410కి 80.

ఈ అంకెలను నేల మీద పరిచి చూస్తే విషయం బోధపడుతుంది. ఆ చక్రం వైశాల్యం 4,560 చదరపు సెంటీమీటర్లు. 12 బోరులో 5 సెంటీమీటర్ల గడికి ఒక గుండు పడుతుంది. 410లో 7.5 సెంటీమీటర్ల గడికి ఒకటి. ఈకలు తీసేస్తే కౌజు పిట్ట ఒళ్ళు మన అరచేయంత ఉంటుంది. మొదటి తుపాకి దాని మీద మూడు నాలుగు గుండ్లు పెడుతుంది, రెండోది ఒకటో రెండో. ఒక గుండు గుండెకో మెడకో తగిలితే పిట్ట పడిపోతుంది. పొట్టలో తగిలితే ఎగిరిపోయి, ఎక్కడో పొదలో రెండు రోజులకు చస్తుంది. వేటగాడికి అది గురి తప్పినట్టే కనిపిస్తుంది. బోరు ఎంపికలో నీతికి సంబంధించిన భాగం ఇదే. చిన్న బోరు తీసుకుంటే దూరాన్ని తగ్గించుకోవాలి. 410తో 20, 25 మీటర్లు దాటి పేల్చేవాడు నేర్పరి అయినా పిట్టకు అన్యాయం చేస్తున్నట్టే. పిల్లలకు మొదటి తుపాకిగా 410 ఇవ్వడం చాలా దేశాల్లో ఆచారం. దెబ్బ తక్కువ అన్నది దానికి కారణం. కాని గుండ్లు తక్కువ కాబట్టి అది ఆరితేరినవాడి తుపాకే తప్ప నేర్చుకునేవాడిది కాదు. నేర్చుకునేవాడికి తేలిక తూటా పెట్టిన 20 బోరు మేలు.

బోరుతోపాటు మారే రెండో సంగతి బరువు. ఇంగ్లండు తుపాకుల తయారీదారు డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రీనర్ పేరుతో చెప్పుకునే ఒక సూత్రం ఉంది. తుపాకి బరువు తూటాలోని గుండ్ల బరువుకు 96 రెట్లు ఉండాలి. 32 గ్రాములకు 3 కిలోల పైన, 28 గ్రాములకు 2.7 కిలోలు, 25 గ్రాములకు 2.4 కిలోలు. అంతకంటే తేలికైతే భుజం నొప్పి పెడుతుంది. రెండో గుండుకు చెయ్యి బెదురుతుంది. పొద్దంతా చెలకల్లో నడిచి నాలుగైదు సార్లే పేల్చేవాడికి అరకిలో తేడా సాయంత్రానికి బాగా తెలుస్తుంది. చెరువు గట్టు మీద కూర్చుని బాతుల కోసం కాచేవాడికి ఆ బరువు పట్టదు. సాధారణ పక్షి వేటకు 12, 20 బోరుల మధ్య తగవు ఏళ్ళ తరబడి తెగకపోవడానికి కారణం ఇదే. నడిచేవాడు, కూర్చునేవాడు ఒకే తుపాకి గురించి మాట్లాడుకోరు.

16 బోరు ఈ రెండింటి మధ్య నిలిచింది. 28 గ్రాముల గుండ్లు, 2.7 కిలోల తుపాకి. కాగితం మీద దీనికి సాటి లేదు. యూరప్‌లో, ముఖ్యంగా జర్మనీ, ఫ్రాన్సుల్లో చాలాకాలం దీనికి ఆదరణ ఉంది. అయినా తూటాల అంగడిలో వెనకబడింది. పోటీ షూటింగు నియమాలు 12 బోరు చుట్టూ కుదిరాయి, 20 బోరు తూటాలో గుండ్ల బరువు పెంచారు. నడుమ ఉన్నది నలిగిపోయింది.

చోక్, గుండు నెంబరు

బోరు కంటే ఎక్కువ పని చేసే రెండు సంగతులను వేటగాళ్ళు తక్కువగా మాట్లాడుకుంటారు. ఒకటి చోక్. గొట్టం మూతి దగ్గర కొద్దిగా బిగించిన సన్నదనం. 1870లలో గ్రీనర్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. అసలు బిగింపే లేని సిలిండర్ గొట్టం 36.6 మీటర్ల దగ్గర చక్రంలో నూటికి 40 గుండ్లే పెడుతుంది, ఫుల్ చోక్ 70 పెడుతుంది. అంటే 20 బోరుకు ఫుల్ చోక్ ఉంటే (238లో 167), సిలిండర్ గొట్టమున్న 12 బోరును (305లో 122) దట్టంలో మించిపోతుంది. దీనికి ఇంకో వైపు ఉంది. 15 మీటర్ల దగ్గర ఫుల్ చోక్ గుంపు పళ్ళెమంతే ఉంటుంది. తగిలితే పిట్ట తునకలు, లేదంటే గురి తప్పడం. జోడు గొట్టాల తుపాకిలో మొదటి గొట్టం వదులుగా, రెండోది బిగువుగా చేసేది అందుకే. పిట్ట లేచిన వెంటనే మొదటిది, దూరమయ్యాక రెండోది.

రెండో సంగతి గుండు నెంబరు. నెంబరు పెరిగే కొద్దీ గుండు చిన్నదవుతుంది. ఆంగ్లేయ కొలతలో 8 అంటే 2.2 మిల్లీమీటర్లు, 6 అంటే 2.6, 4 అంటే 3.1, బీబీ అంటే 4.1. ఎస్‌జీ, ఎల్‌జీ అన్నవి జింకలకూ పందులకూ వాడే ముతక గుండ్లు, ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు ఉంటాయి. పాత వేటగాళ్ళు ఉర్దూ మాటతో సన్న గుండ్లను ఛర్రా అన్నారు. అమెరికా నెంబర్లు వేరు. అక్కడి 6 ఆంగ్లేయ కొలతలోని 5కు సమానం. ఇంటర్నెట్టులో చదివి తూటా నెంబరు మాట్లాడేవాళ్ళు పప్పులో కాలేసేది ఇక్కడే.

మూడు నేలలు, మూడు రకాల పిట్టలు

జనగామ వైపు ఎత్తు నేల. దేవరుప్పుల, బచ్చన్నపేట, పాలకుర్తి చుట్టూ ఎర్ర చెలకలు, రాతి గుట్టలు, వాన మీద ఆధారపడ్డ చెరువులు. ఇక్కడి పిట్టలు నేల మీద తిరిగేవి. కౌజు, పూరేడు, గువ్వ. కౌజు మనిషి దగ్గరికొచ్చేదాకా పరుగెత్తి, చివరికి బుర్రుమని లేస్తుంది. లేచినప్పుడు పది పదిహేను మీటర్ల దూరమే ఉంటుంది. పూరేడు కాలి కిందే లేస్తుంది. ఇలాంటి నేలకు 20 బోరు, వదులు చోక్, 7 లేదా 8 నెంబరు గుండ్లు చాలు. 12 బోరు ఇక్కడ బరువే తప్ప లాభం కాదు. కోళ్ళఫారాల్లో కౌజుల పేరుతో పెంచి అమ్మేవి జపాను జాతి పూరేళ్ళు. వాటికీ చెలకల్లో పొద్దుటే కూసే అడవి కౌజుకూ సంబంధం లేదు.

మహబూబాబాద్ జిల్లా ఉత్తర భాగం అడవి. గూడూరు, కొత్తగూడ మండలాల మీదుగా పాకాల అభయారణ్యం సాగుతుంది. దాన్ని 1952లో ప్రకటించారు. బయ్యారం చెరువును కాకతీయ గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ తవ్వించింది, శాసనం ఉంది. చెరువు కింద వరి, వరి బురదలో చలికాలం ఉల్లంకి పిట్ట. పొడుగు ముక్కును బట్టి దీన్ని ముక్కు పూరేడు అని కూడా అన్నారు. లేచీ లేవగానే వంకరటింకరగా ఎగిరే ఈ చిన్న పిట్టను కొట్టడం వేటలో కష్టమైన పనిగా ఆంగ్లేయ సైనికులు చెప్పుకునేవారు. దాని ఇంగ్లీషు పేరు స్నైప్. 18వ శతాబ్దం చివరి భాగంలో భారతదేశంలో ఉన్న సైనికుల వాడుక నుంచే ‘స్నైపర్’ అన్న మాట పుట్టింది. దీనికి కావలసింది 8 నెంబరు గుండ్లు దట్టంగా. బోరు ఏదైనా గుండ్ల సంఖ్యే ముఖ్యం.

భూపాలపల్లి దాటి మహదేవపూర్, కాళేశ్వరం వైపు టేకు అడవి, గోదావరి. అడవి కోడి, జిట్టకోడి, నెమలి ఇక్కడివి. కోళ్ళ శాస్త్రంలో గోదావరికి ఒక విశేషం ఉంది. మన పెరటి కోడికి మూలమైన ఎర్ర అడవి కోడి ఉత్తరాన, దక్షిణాదిదైన బూడిదరంగు అడవి కోడి కింద ఉంటాయి. వాటి రెండింటి హద్దు ఈ నది పరిసరాల్లోనే కలుస్తుంది. అడవి కోడి గట్టి ఈకల పిట్ట, పొదల్లో క్షణం కనిపించి మాయమవుతుంది. పాత వేటగాళ్ళు దీనికి 12 బోరు, 5 లేదా 6 నెంబరు పట్టుకెళ్ళారు. గణపురం చెరువు మీద, గోదావరి ఇసుక మేటల పక్కన చలికాలం దిగే బాతులకు 4 లేదా 5. నీటి మీద పిట్ట దూరంగా ఉంటుంది, ఈకలు దట్టం, దెబ్బ తగిలి నీళ్ళలో మునిగితే దొరకదు. 12 బోరు తన బరువుకు తగ్గ పని చేసేది నీటి అంచునే.

‘సాధారణ పక్షి వేటకు ఒక్క తుపాకి’ అన్న ప్రశ్నకు ఈ నేల మీద జవాబు వెతికితే 12 బోరే వస్తుంది. 20 బోరు జనగామలో గెలుస్తుంది, గణపురం చెరువు మీద ఓడిపోతుంది. 12 బోరులో తేలిక తూటా పెడితే చెలకలకూ సరిపోతుంది, బరువు తూటా పెడితే చెరువుకూ సరిపోతుంది. అది అన్నిటా మొదటిది కాదు, ఎక్కడా చివరిది కాదు.

తుపాకి రాకముందు, వచ్చాక

పిట్టల వేటలో తుపాకి ఆలస్యంగా వచ్చిన చుట్టం. అంతకు ముందు ఉచ్చు, వల, బంక, ఉండేలు, విల్లు ఉన్నాయి. పెంచిన పిట్టను పంజరంలో పెట్టి, దాని కూతతో అడవి పిట్టలను రప్పించడం ఒక పద్ధతి. ఆ ఎర పిట్టను, ఎర జింకను దీమం అంటారు. పాత తెలుగు కావ్యాల వేట వర్ణనల్లో కనిపించే మాట అది. రాజులది డేగ వేట. సాళువ అంటే డేగ జాతి పక్షే, విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరు దాన్నే గుర్తు చేస్తుంది. గోదావరి లోయ కోయల భూమి పండుగలో మగవాళ్ళు విల్లంబులతో వేటకు బయలుదేరడం విత్తనాల కాలపు ఆచారం. పిట్టలు పట్టి అమ్ముకుని బతికిన సంచార కులాలకు ఆ పిట్ట పూట తిండి. 1871 నేరస్థ జాతుల చట్టం అలాంటి ఎన్నో కులాల మీద పుట్టుకతోనే దొంగ ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం పోయినా ముద్ర అంత తొందరగా పోలేదు. వాళ్ళ నేర్పును వేట చరిత్రలో గౌరవంగా రాయవలసిన బాకీ ఇంకా ఉంది. ఏ పిట్ట ఏ వేళకు ఏ నీటికి వస్తుందో తుపాకి దొరల కంటే వాళ్ళకే తెలుసు. దొరలు వెంట తీసుకెళ్ళిందీ అలా తెలిసినవాళ్ళనే.

రైతుకు పిట్ట వేట కంటే కావలి ముఖ్యం. జొన్న పాలు పోసుకునే వేళ మంచె మీద ఎవరో ఒకరు ఉండాలి. చేతిలో వడిసెల, గిర్రున తిప్పి రాయి వదిలితే చిలకల గుంపు లేచిపోతుంది. చంపడానికి కాదు, లేపడానికి. జనగామ ప్రాంతంలో ఈ వడిసెలకు ఇంకో చరిత్ర ఉంది. ఇప్పటి దేవరుప్పుల మండలంలోని కడవెండిలో 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. తర్వాత సాగిన సాయుధ పోరాటంలో కర్రలు, వడిసెలలు, భర్మార్లు రైతుల చేతుల్లో ఉన్నాయి. పిట్టలను తోలిన సాధనం, పిట్టలను కొట్టిన సాధనం రెండూ మనుషుల తగవులోకి వచ్చాయి. పోరాటానికి ముందు చాలా ఊళ్ళలో తుపాకి ఉన్న ఇల్లు దొర గడీ ఒక్కటే అయ్యేది. తుపాకి ఎవరి దగ్గర ఉందన్నదే ఆనాటి పల్లెల్లో అన్నిటికంటే పెద్ద ప్రశ్న, దాని బోరు ఎంతన్నది కాదు.

భర్మార్‌కు బోరు అంకె ఉండదనే చెప్పాలి. దొరికిన గొట్టం ఎంత వెడల్పో అదే బోరు. మూతిలోంచి నల్లటి మందు పోసి, నార కూరి, ఇనుప చువ్వతో దట్టించి, గుండ్లు వేసి మళ్ళీ కూరతారు. మందు కొలత చేతి అంచనా. ఎక్కువైతే గొట్టం పగులుతుంది, తడిస్తే పేలదు. ఒకసారి పేల్చాక మళ్ళీ నింపేలోపు పిట్టలు ఊరు దాటిపోతాయి. అందుకని ఎగిరే పిట్టకు కాకుండా నీళ్ళ దగ్గర గుంపుగా కూర్చున్న పిట్టలకు దీన్ని వాడారు. వేటలో సంఖ్య ఎక్కువ, మర్యాద తక్కువ ఉన్న పద్ధతి అది.

తెలంగాణ జానపదంలో ఈ తుపాకికి ఒక రూపం దక్కింది. ఖాకీ కోటు, టోపీ, భుజాన కట్టె తుపాకితో ఊరూరా తిరిగి కోతలు కోసే పిట్టల దొర, అంటే తుపాకి రాముడు. దొరల షికారును జనం చూసిన చూపు ఆ వేషంలో ఉంది.

తుపాకి పట్టిన పక్షి శాస్త్రం

హైదరాబాద్ రాజ్యంలోని పిట్టల గురించి మొదటి పద్ధతైన పుస్తక జ్ఞానం కూడా తుపాకి గొట్టం నుంచే వచ్చింది. టి. సి. జెర్డన్ 1862–64 మధ్య అచ్చువేసిన భారతీయ పక్షుల గ్రంథంలో చాలా పిట్టల తెలుగు పేర్లు ఉన్నాయి. 1931–32లో సలీం అలీ నిజాం ప్రభుత్వ సాయంతో హైదరాబాద్ రాజ్య పక్షుల సర్వే చేశాడు. దాని ఫలితాలు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో వరుసగా వచ్చాయి, హ్యూ విస్లర్ వ్యాఖ్యలు జోడించాడు. అప్పట్లో సర్వే అంటే పిట్టలను కొట్టి, చర్మం ఒలిచి, దూది కూరి, చీటీ కట్టి దాచడం. ఆ పనికి చిన్న బోరు, ఇసుక రేణువంతటి సన్న గుండ్లు, తక్కువ మందు కావాలి. పెద్ద బోరు దగ్గరి నుంచి పేలిస్తే దాచడానికి చర్మం మిగలదు. బోరు ఎంపికకు ఇంత కచ్చితమైన కారణం వేటలో ఎక్కడా లేదు. సలీం అలీ జీవితమే చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన పసుపు మెడ పిచ్చుకతో మలుపు తిరిగింది. అదేం పిట్టో తెలుసుకోవడానికి బొంబాయి సంఘానికి వెళ్ళాడు. ఆ పిచ్చుక పేరు మీదే 1985లో తన ఆత్మకథ రాశాడు.

సీసం సంగతి

ప్రతి 12 బోరు తూటా 32 గ్రాముల సీసాన్ని నీళ్ళలోనో నేల మీదో వదులుతుంది. పిట్టకు తగిలేది అందులో నాలుగైదు గుండ్లే, మిగతావన్నీ చెరువు అడుగుకు చేరతాయి. బాతులు గింజలు నూరుకోవడానికి చిన్న రాళ్ళు మింగుతాయి. రాయి అనుకుని గుండును మింగితే కందనకాయ దాన్ని అరగదీస్తుంది, సీసం రక్తంలో కలుస్తుంది. రెక్కలు వాలి, తిండి మాని పిట్ట మెల్లగా చస్తుంది. అందుకే అమెరికా 1991 నుంచి నీటి పక్షుల వేటలో సీసాన్ని దేశమంతటా ఆపింది. డెన్మార్క్ 1996లో అన్ని వేటల్లోనూ సీసపు సన్న గుండ్లను ఆపింది. యూరోపియన్ యూనియన్ 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో ఆపింది.

ఈ నిషేధం బోరు లెక్కను మళ్ళీ మార్చింది. సీసం సాంద్రత 11.3, ఉక్కుది 7.8. తేలికైన ఉక్కు గుండు తొందరగా వేగం కోల్పోతుంది కాబట్టి రెండు సైజులు పెద్దది వాడాలి. పెద్ద గుండ్లు సరిపడా పట్టాలంటే పెద్ద తూటా కావాలి. 20 బోరు వైపు మొగ్గిన బాతు వేటగాళ్ళు ఉక్కు వచ్చాక 12 బోరుకు తిరిగి వచ్చారు. ఉక్కు గట్టిది కాబట్టి పాత పలుచని గొట్టాలకూ ఫుల్ చోక్‌కూ పనికిరాదు. బిస్మత్, టంగ్‌స్టన్ గుండ్లు చిన్న బోరుకు కుదురుతాయి, ఖరీదే ఎక్కువ.

మన ఊళ్ళలో 12 బోరు ఎందుకు మిగిలింది

స్వాతంత్ర్యం తర్వాత దేశంలో తుపాకుల, తూటాల దిగుమతి బిగుసుకుపోయింది. స్వదేశంలో లైసెన్సు మీద అమ్మకానికి తయారైన షాట్‌గన్‌లు ఎక్కువగా 12 బోరువే. ఖడ్కీ అమ్యూనిషన్ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాలూ ప్రధానంగా ఆ బోరువే. ఎవరింట్లోనైనా 16 బోరు మిగిలి ఉంటే దానికి తూటా దొరకడమే గగనం. తుపాకి గుణం కంటే తూటా దొరకడం బోరును నిర్ణయించింది. గట్టి కారణాల్లో ఇదే గట్టిదని చెప్పాలి. దొరకని తూటాకు ఎంత మంచి తుపాకి అయినా గోడకు వేలాడే ఇనుమే.

ఇప్పుడు షాట్‌గన్‌కు మిగిలిన ముఖ్యమైన చట్టబద్ధమైన చోటు ఆట. ట్రాప్, స్కీట్ పోటీల్లో 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువున్న మట్టి పళ్ళేన్ని గాలిలోకి విసిరితే పేల్చాలి. ఒలింపిక్ నియమాల ప్రకారం 12 బోరు కంటే పెద్దది కూడదు, తూటాలో గుండ్లు 24 గ్రాములు దాటకూడదు. అంటే పోటీలో 12 బోరు తుపాకి 20 బోరంత గుండ్లతోనే ఆడుతుంది. హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్‌లో భారత్ తరఫున పోటీపడ్డాడు. పక్షి వేటలో ఉన్న నేర్పంతా ఈ పళ్ళెం మీద చూపించవచ్చు. పళ్ళెం గాయపడి పొదలోకి పోదు. పంట పాడుచేసే అడవి పందుల విషయంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అధికారులు అనుమతిస్తే తుపాకి వాడే వీలుంది. అది పిట్టల తూటాతో చేసే పని కాదు, ఆ అనుమతి పిట్టలకు వర్తించదు.

ఇంట్లో మిగిలిన తుపాకి

తాత పేరు మీద లైసెన్సు ఉండి, తాత పోయాక అటక మీదో బీరువాలోనో మిగిలిపోయిన తుపాకులు ఈ మూడు జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. లైసెన్సుదారు చనిపోయాక దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దగ్గరి పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి దగ్గరో వెంటనే జమ చేయాలి. వారసులు తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎన్నికల వేళ లైసెన్సు తుపాకులను స్టేషన్లో అప్పగించడం ఊళ్ళవాళ్ళకు అలవాటే, ఇది కూడా అలాంటి పనే.

లైసెన్సు వచ్చాక పాత తుపాకిని పేల్చే ముందు తెలిసినవాళ్ళకు చూపించాలి. గొట్టం మీద అల్లినట్టు చారలు కనిపిస్తే అది డమాస్కస్ గొట్టం. నల్ల మందు కాలానిది, ఇప్పటి పొగలేని మందు ఒత్తిడికి తట్టుకోకపోవచ్చు. తూటా కూర్చునే గది పొడవు రెండో సంగతి. పాత తుపాకుల్లో అది 65 మిల్లీమీటర్లు, ఇప్పటి మామూలు తూటాలకు 70 కావాలి. పొడుగు తూటా పాత గదిలో చక్కగా కూర్చుంటుంది. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. మూడోది బోరుల కలగాపులగం. 20 బోరు తూటా 12 బోరు గొట్టంలో వెనక ఆగకుండా ముందుకు జారి ఇరుక్కుంటుంది. ఖాళీ అనుకుని దాని వెనక 12 బోరు తూటా పెట్టి పేలిస్తే గొట్టం చేతిలోనే పగులుతుంది, పట్టుకున్న ఎడమ చెయ్యి పోతుంది. ఆ ప్రమాదం తప్పించడానికే 20 బోరు తూటాలను పసుపు రంగులో చేసే ఆనవాయితీ వచ్చింది. ఒక జేబులో రెండు బోరుల తూటాలు ఎప్పుడూ ఉండకూడదు.